అడ్డొచ్చిన ఆకు

ఫౌస్తో మీద సోయ్లాకి ఉన్న ఫిర్యాదుల్లోకెల్లా పెద్దది ఇది: ఆ మనిషికి ఎగరని వస్తువేదీ కనిపించదు. ఉప్పు డబ్బా ముక్కుకి తగిలేంత దగ్గర పెట్టినా "సోయ్లా, ఉప్పెక్కడ?" అని కేకేస్తాడు. తను కూర్చున్న కుర్చీ మీదే చొక్కా వేలాడుతుంటే ఇల్లంతా వెతుకుతాడు. అదే మనిషి, లోయకి అవతల, మబ్బులో, బొటనవేలంత పిట్ట ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మ మీదికి మారితే చాలు, తాగుతున్న కాఫీ వదిలేసి లేచి నిలబడతాడు. తను అతనికి మొదటిసారి ఎలా కనిపించిందా అని సోయ్లా చాలాసార్లు ఆలోచించింది. ఆ రోజు వ్యవసాయ కళాశాల బస్సు తప్పిపోతుందని స్కర్టు పట్టుకుని పరిగెత్తుతోంది. దూరం నుంచి చూసేవాడికి ఎగురుతున్నట్టే ఉండి ఉంటుంది.

"ఉప్పుకి రెక్కలు కడితే గానీ నీకు కనపడదు" అంటుంది సోయ్లా.

"కట్టి చూడు. బ్రహ్మాండమైన ఫోటో తీస్తాను" అంటాడు ఫౌస్తో.

చిక్కు ఇక్కడే. మంచివాడు. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేది.

రాజధాని క్విటోలో అతని ఫోటోల ప్రదర్శన పెట్టినప్పుడు గోడ మీద ఇంతింత అక్షరాలతో రాశారు: "పన్నెండేళ్ళుగా మబ్బుల అడవిలో, ఏకాంతంలో, ఒకే ఒక్క పిట్ట కోసం." మంచి చెప్పులేసుకుని వెళ్ళిన సోయ్లా ఆ గోడ ముందు నిలబడి రెండుసార్లు చదువుకుంది. ఆ ఏకాంతానికి మూడు పూటలా అరటికాయలు వేయించి పెట్టిందెవరో మరి, పాపం, గోడ మీద చోటు చాల్లేదు. తెల్లవారకముందే పంచదార నీళ్ళు కాచి చల్లార్చేది తను. పిట్టలు తాగే సీసాలన్నీ విప్పి, వేడినీళ్ళలో బూజు లేకుండా కడిగి, నింపి వేలాడదీసేది తను. పిట్టలు వచ్చి వాలడానికి పాచి పట్టిన కొమ్మలు అడవిలోంచి ఏరి తెచ్చి, వాటి వెనక పండిన అరటిపళ్ళు కనపడకుండా గుచ్చేది తను. ఆ తర్వాత, పిట్టల్ని చూడ్డానికొచ్చి డబ్బిచ్చి వాళ్ళింట్లో దిగే అతిథుల గదుల దుప్పట్లు, టిఫిన్లు. అతిథులు మాత్రం, "దోన్ ఫౌస్తో, మీ పిట్టలు అద్భుతం" అని అతని చెయ్యి పట్టుకుని ఊపేస్తారు. ఒకావిడ వంటింట్లోకి తొంగిచూసి, "అయ్యో, దోన్ ఫౌస్తోకి భార్య లేదా?" అని జాలిపడింది కూడా. "ఉందండీ. ఇవాళ అరటికాయ ఉండలు చేస్తోంది. రెండు పెట్టమంటారా?" అంది సోయ్లా.

ఆ ఒక్క పిట్టా తేనెపిట్టల్లో ఒక జాతిది. మగదానికి కాళ్ళకి తెల్లటి ఉన్ని మేజోళ్ళు తొడిగినట్టుంటుంది, తోక చివర రెండు నీలి బిళ్ళలు ఊగుతుంటాయి. ఫౌస్తో దానికి "దొరగారు" అని పేరు పెట్టుకున్నాడు. దొరగారు స్నానం చేస్తుండగా, దొరగారు తగాదా పడుతుండగా, దొరగారు వానలో, దొరగారు పువ్వులో. ఆడది ఎప్పుడైనా వచ్చి కొమ్మ మీద వాలితే, "అబ్బా, మళ్ళీ ఇదొచ్చింది" అని ఫౌస్తో చెయ్యి విదిలించేవాడు. చిన్నది, పచ్చగా, తెల్లగా, సాదాగా ఉంటుంది. దానికి ఏ పేరూ లేదు.

ఆ పేరులేనిదే ఒకనాడు వంటింటి కిటికీ దగ్గరికి వచ్చింది.

సోయ్లా సీసాలు కడుగుతోంది. కిటికీ పైమూలలో సాలెగూడు ఉంది. పిట్ట దాని ముందు గాల్లో నిలబడి, ముక్కుతో పోగులు లాగి, గెడ్డం కింద అద్దుకుని, తెల్ల గెడ్డం వేసుకున్న ముసలాయనలా తుర్రుమంది. సోయ్లా చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఎక్కడికి తీసుకెళ్ళింది? ఎందుకు? రోజూ వస్తుందా? కాలేజీ వదిలేశాక అంత శుభ్రమైన ప్రశ్న ఆమె బుర్రలోకి రావడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ వచ్చిన ప్రశ్నలన్నీ "రాత్రికి ఏం వండాలి" లాంటివి. వాటికి జవాబు దొరికినా ఆనందం ఉండదు.

మర్నాటి నుంచి ఆమె ఆ మూల దులపడం మానేసింది. ఫౌస్తో పారేసిన పాత కెమెరా ఒకటుంది. వెనక అద్దం పగిలింది, ముసురు పడితే మొరాయిస్తుంది. దాన్ని తుడిచి బియ్యం డబ్బాలో దాచింది. దాచడమంటే దొంగతనంగా కాదు, తడి పీల్చుకుంటుందని. బియ్యం డబ్బా ఎగరదు కాబట్టి ఫౌస్తోకి ఎలాగూ కనపడదు. అలా ఏళ్ళు గడిచాయి. కూర మాడకుండా చూసుకుంటూ, ఒక చెయ్యి గరిటె మీద, ఇంకో చెయ్యి కెమెరా మీద. కొత్త సాలెగూడు కావాలా పాతది కావాలా అని పిట్టని అడగడానికి, మూలలో సగం దులిపి సగం ఉంచేది. పొయ్యి పక్కన పొగపట్టిన సాలెగూడు జోలికి అది ఎందుకు పోదో కనుక్కోవాలని ఒక సంవత్సరమంతా చూసింది. ఫౌస్తో తన ఫోటోల పనిని "దీర్ఘకాలిక కృషి" అంటాడు. ఆమె దీనికి ఏ పేరూ పెట్టలేదు. పేరు పెడితే ఎవరో ఒకరు అభిప్రాయం చెబుతారు.

పేరు లేకపోయినా అభిప్రాయాలు ఆగలేదు. అత్తగారు దోన్యా తార్హేలియా వెనకగదిలో ఉంటుంది, కానీ ఆవిడ కళ్ళు ఇల్లంతా ఉంటాయి.

"మా అత్తగారే గనక ఈ సాలెగూడు చూస్తే నన్ను వీధిలో నిలబెట్టేది."

"మీ ఊళ్ళో పిట్టలు గూళ్ళెలా కట్టుకున్నాయో పాపం, అత్తయ్యా."

"చదువుకున్న కోడలు, సమాధానం మాత్రం అందుకుంటుంది, చీపురు అందుకోదు" అని ఆవిడ కాఫీలో చక్కెర ఇంకో చెంచా వేసుకునేది.

ఇలా ఉండగా క్విటో నుంచి హిమేనా వచ్చింది. ఫోటోల పుస్తకాలు అచ్చువేస్తుంది. ఫౌస్తో పన్నెండేళ్ళ కృషినీ ఒక పుస్తకంగా తెస్తానంటోంది. భోజనాల బల్లంతా ఫోటోలు పరిచి, నోట్లో పెన్సిలు పెట్టుకుని, చుట్టూ తిరిగి చూసింది.

"దోన్ ఫౌస్తో, అంతా దొరగారే కదా. ఈయనకి పెళ్ళాం లేదా?"

"ఉంది. కానీ ఆవిడ... ఫోటోకి అంతగా నప్పదు."

సోయ్లా కాఫీ పోస్తోంది. కప్పు నిండేదాకా పోసింది.

"గూడు కట్టేదెవరు? దొరగారా?"

"కాదు. ఆడదే. గూడూ అదే, గుడ్లు పొదగడమూ అదే, మేతా అదే. దొరగారికి ఆ సంగతులేం తెలీవు."

"మరి అదే లేకుండా ఈ పిట్ట జీవితం అని పుస్తకం ఎలా వేస్తాను? గూట్లో తల్లీ పిల్లలూ ఉన్నది ఒక్కటి కావాలి. ఆదివారం దాకా ఉంటాను. దొరక్కపోతే ఈ ఏడాదికి వదిలేద్దాం" అంది హిమేనా.

ఫౌస్తో మొహం చూసి సోయ్లాకి జాలేసింది. ఆ మనిషి వానలో గంటలు గంటలు కూర్చోవడం, జ్వరంతో మళ్ళీ మర్నాడు వెళ్ళడం ఆమె చూసింది. గూడు ఫోటో ఒకటి అతని దగ్గర ఉంది నిజానికి. కానీ దాన్ని పుస్తకంలో వెయ్యలేడు.

ఏళ్ళ కిందట, పిట్టలకి కనపడకుండా ఫౌస్తో దాక్కుని ఫోటోలు తీసే గుడారం పక్కనే ఒక గూడు దొరికింది. ఫౌస్తో అక్కణ్ణుంచి అరిచాడు, "సోయ్లా, కత్తెర!" వంటింట్లో కోడిమాంసం కోసే కత్తెర తడిచేత్తోనే తీసుకుని పరిగెత్తింది. "ఎందుకు?" "ఆకు అడ్డొస్తోంది." రెండు కత్తిరింపులు. వెలుతురు గూట్లోకి బంగారంలా పడింది. ఫోటోలు తీసే వాళ్ళందరూ చేసే పనే అది, ఒక్క ఆకే కదా అంటారు. మధ్యాహ్నం రోజూ పడే వానే పడింది. మర్నాడు ఎండ కాసింది. ఆ సాయంత్రానికి గూట్లో రెండు పిల్లలూ కదల్లేదు.

ఆ గూటి చివరి ఫోటోని ఫౌస్తో ప్రతి శనివారం అతిథులకి తెర మీద చూపిస్తాడు. "ఇదొక తొలిచూలు తల్లి. నిర్లక్ష్యం. గూడు వదిలేసి తిరిగింది" అంటాడు. అతిథులు "అయ్యో" అంటారు. ఎవరో ఒకరు, "ఈ కాలం ఆడవాళ్ళు!" అంటారు. అందరూ నవ్వుతారు. దోన్యా తార్హేలియా అందరికంటే గట్టిగా నవ్వుతుంది, ఎందుకంటే గూడు వదిలేసి తిరగడమన్న మాట మొదట ఆవిడదే. కూతురు అంపారో పసిపిల్లగా ఉన్నప్పుడు సోయ్లా లోయ కింద వ్యవసాయ పాఠశాలలో పాఠాలు చెప్పేది. పిల్లకి ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. "గూడు వదిలేసి తిరిగితే ఇంతే మరి" అంది అత్తగారు, డాక్టరు ముందే. ఫౌస్తో అక్కడే ఉన్నాడు. కెమెరా సంచీ జిప్పు తీశాడు, వేశాడు. పిల్ల వారంలో లేచి గెంతులేసింది. సోయ్లా ఆ పంట సెలవుల తర్వాత మళ్ళీ బడికి వెళ్ళలేదు. ఆ మాట పిట్టకి అతికించి, నవ్వించి, పదేళ్ళుగా తన మొగుడు తన ఎదుటే చెబుతున్నాడు. తెలిసే చెబుతున్నాడా, తెలియకా? ఆకు సంగతి అతనికి ఎప్పుడూ తట్టలేదా, తట్టి మింగేశాడా? ఆమెకి కోపం కంటే అదెక్కువగా తెలుసుకోవాలనిపించేది. కోపం రోజూ వాడితే అరిగిపోతుంది. కుతూహలం అలా అరగదు.

అయితే ఇంకో గూడు ఉంది. ఎక్కడో అడవిలో కాదు. వంటింటి వెనక, బట్టలుతికే బండ పక్కన, వేలాడే తీగె మీద, చేమాకులాంటి ఓ పెద్ద ఆకు కింద. సాలెపోగుల గెడ్డంతో తుర్రుమన్న పిట్ట ఎక్కడికి వెళ్తోందో ఇన్నేళ్ళకి ఈసారి కనిపెట్టింది సోయ్లా. చిక్కుడు గింజలంత పిల్లలు రెండున్నాయి. కిటికీలోంచి రోజూ ఫోటో తీస్తోంది. అన్నిట్లోనూ ఆకు ఉంది. సగం ఆకు, సగం పిట్ట.

హిమేనా మర్నాడు కాఫీ కోసం వంటింట్లోకి వచ్చేసరికి సోయ్లా కెమెరా దులుపుతోంది. బియ్యపు గింజలు టపటపా రాలుతున్నాయి.

"ఇదేంటండీ, కెమెరా వండుతున్నారా?"

"నానబెట్టాను. ఇంకా ఉడకలేదు."

హిమేనా నవ్వి చెయ్యి చాపింది. పగిలిన అద్దంలో ఒక్కొక్కటీ చూసింది. చూస్తూ చూస్తూ కుర్చీ లాక్కుని కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగబోతే సోయ్లానే దించింది.

"ఆకు లేకుండా ఒక్కటీ లేదా?"

"ఆకు లేకపోతే పిట్టా ఉండదు" అంది సోయ్లా.

హిమేనా తలెత్తి చూసింది. "దోన్ ఫౌస్తోకి తెలుసా?"

"అడగలేదు ఆయన."

ఆ పూటంతా సోయ్లా ఉల్లిపాయలు తరుగుతూ ఆలోచించింది. చెబితే కత్తెరతో వస్తాడు. చెప్పకపోతే అతని పన్నెండేళ్ళూ ఈ ఏడాదికి పెట్టెలోకి పోతాయి. చెప్పకుండా ఉండటం సులువే, సాలెగూడు సంగతి ఎన్నేళ్ళు చెప్పలేదు కనక! కానీ చెబితే ఏం చేస్తాడు? తనకి బాగా తెలిసిన మనిషిలో తెలియని మూల అదొక్కటే. చివరికి చెప్పింది, షరతులతో. గుమ్మం దాటకూడదు. తీసేదేదో కిటికీలోంచే తియ్యాలి. ఆకు ముట్టకూడదు. కత్తెర మాత్రం దాచలేదు. ఎప్పుడూ ఉండే మేకుకే తగిలించి ఉంచింది.

"నా వంటింటి వెనకా? పన్నెండేళ్ళు కొండలెక్కాను కదే!" అన్నాడు ఫౌస్తో.

"నా వంటింటి వెనక."

తన ఫోటోలు చూపించింది. అతను చాలాసేపు చూశాడు. "నువ్వు తీశావా ఇవి? బాగున్నాయి బంగారం. నిజంగా. ఆకు అడ్డొచ్చింది, అంతే."

రెండు రోజులు కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. గూటికి ఆకు అడ్డం. కానీ వంటింటికి ఏదీ అడ్డం లేదు. అందుకని అటూ చూశాడు.

"ఈ సీసాలన్నీ రోజూ కడుగుతావా?"

"లేదు. అవే స్నానం చేసొస్తాయి, దొరగారిలాగా."

"కొమ్మలకి పాచి నువ్వు కడతావా? నేను... సహజంగా ఉంటుందనుకున్నాను."

దోన్యా తార్హేలియా గుమ్మంలోంచి, "మొగాణ్ణి వంటింట్లో కూర్చోబెట్టిన కోడల్ని నిన్నే చూశాను" అని తన మానాన తను కాఫీ కలుపుకుంది.

శనివారం మధ్యాహ్నానికి ఫౌస్తో దగ్గర ఫోటోలు బోలెడు పోగయ్యాయి. ఒక్కదానిలోనూ తల్లి కన్ను కనపడదు. మర్నాడు హిమేనా వెళ్ళిపోతుంది. సోయ్లా పైన గదుల్లో దుప్పట్లు మార్చి, మాసినవి చంకన పెట్టుకుని కిందికి వచ్చింది. స్టూలు ఖాళీగా ఉంది. మేకు ఖాళీగా ఉంది.

కిటికీలోంచి చూసింది. బండ పక్కన ఫౌస్తో నిలబడి ఉన్నాడు. ఆకు కాడకి అటూ ఇటూ కత్తెర నోరు తెరిచి ఉంది.

అరవబోయింది. అరిస్తే గూటి మీదికి వస్తున్న తల్లి బెదిరి పారిపోతుంది. పరిగెత్తినా అంతే. చంకలో దుప్పట్లతో, సీసాలు కడిగే తొట్టి అంచు పట్టుకుని, ఊపిరి కూడా నెమ్మదిగా వదులుతూ నిలబడిపోయింది. చెప్పడం నా తెలివితక్కువతనం, అనుకుంది. తెలుసుకోవాలనుకున్నావుగా, చూడు ఇప్పుడు.

అప్పుడు వాన మొదలైంది. రోజూ పడేదే. మొదటి చినుకులు ఆకు మీద టపాటపా మోగాయి. ఫౌస్తో పైకి చూశాడు. ఆ పేరులేని పిట్ట అతని చెవి పక్కనుంచి రివ్వున దూసుకొచ్చి, అతను అక్కడ లేనే లేనట్టు, ఆకు కిందికి జారి, పిల్లల మీద రెక్కలు పరుచుకుని కూర్చుంది. వాన పెద్దదైంది. నీళ్ళన్నీ ఆకు నడిమి ఈనెలో కాలవ కట్టి, కొసన ధారగా అతని బూటు మీద పడుతున్నాయి. గూటి మీద చుక్క పడలేదు. అతని జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. కత్తెర అలాగే తెరిచి ఉంది. అంత దగ్గరగా, చేతిలో కెమెరా లేకుండా, అతను ఏ పిట్టనైనా చూడటం సోయ్లా ఎరగదు.

చాలాసేపటికి కత్తెర మూశాడు.

లోపలికి వచ్చి, ఎవరినీ అడక్కుండా, మేకు ఎక్కడుందో తనే వెతుక్కుని తగిలించాడు. నీళ్ళు నేలంతా కారుతున్నాయి.

"తువ్వాలెక్కడ?"

"నీ ముక్కెదురుగా."

తుడుచుకున్నాడు. ఆమెకేసి చూసి, తువ్వాలు మడత పెట్టాడు. వంకరగా పెట్టాడు. సోయ్లా సరిచెయ్యలేదు.

పొద్దుగుంకగానే శనివారం అలవాటు ప్రకారం భోజనాల గదిలో తెర కట్టారు. అతిథులు, ముందు వరసలో హిమేనా, మూలన తన సొంత కుర్చీలో దోన్యా తార్హేలియా. అరటాకుల్లో ఆవిరికి ఉడికించిన తీపి రొట్టెల పళ్ళెం పట్టుకుని సోయ్లా అందరికీ పంచుతోంది. దొరగారు స్నానం చేశాడు, తగాదా పడ్డాడు, పువ్వులో దూరాడు. తర్వాత గూడు వచ్చింది, ఎండలో మెరుస్తూ, బోసిగా. ఫౌస్తో మాట్లాడకుండా మీట నొక్కాడు. గూడు పోయి జలపాతం వచ్చింది.

"అదేంట్రా? ఆ తిరుగుబోతు తల్లి కథ చెప్పవేం? వీళ్ళు నవ్వొద్దూ?" అంది అతని తల్లి మూలనుంచి.

"ఏం కథండీ?" అన్నారు అతిథులు.

"ఏం లేదు. పాతది" అన్నాడు ఫౌస్తో.

మింగేశాడన్నమాట, అనుకుంది సోయ్లా. అప్పుడు తెలియకపోతే పోనీ, ఇప్పుడు తెలిసీ మింగాడు. ఇంతకాలం వెంటాడిన ప్రశ్నకి జవాబు దొరికింది, అది ఆమెకి నచ్చలేదు. పళ్ళెం హిమేనా ఒళ్ళో పెట్టింది. గది మధ్య నుంచి నడిచి, అతని పక్కకి వెళ్ళి, వెనక్కి మీట నొక్కింది.

గూడు మళ్ళీ తెర నిండా వచ్చింది. సోయ్లా అక్కడే చేతులు కట్టుకుని నిలబడింది.

ఫౌస్తో తెరకేసి చూశాడు. తర్వాత ఆమెకేసి చూశాడు. ఎగరకుండా, కదలకుండా ఎదురుగా నిలబడ్డ మనిషిని చూశాడు.

"ఈ తల్లి ఎక్కడికీ తిరగలేదు" అన్నాడు. "దీని గూటికి గొడుగులా ఒక ఆకుండేది. నా ఫోటోకి అడ్డొస్తోందని కోసేశాను. కత్తెర తెచ్చిన రోజే సోయ్లా ఎందుకని అడిగింది. పిల్లలు వానకి తడిసి, ఎండకి మాడి చచ్చిపోయాయి. నేరం తల్లి మీద వేసి మిమ్మల్ని నవ్వించాను. అదే మాట మా ఇంట్లో ఇంకో తల్లిని అన్నప్పుడు, నేను పక్కనే నిలబడి సంచీ జిప్పు వేసుకున్నాను."

"మధ్యలో నన్నెందుకురా లాగుతావు?" అంది దోన్యా తార్హేలియా.

"నిన్ను కాదమ్మా" అన్నాడు ఫౌస్తో, చూపు సోయ్లా మీంచి తిప్పకుండా. "నన్ను. రెండుసార్లూ తప్పు నాదే."